మా చేలో సముద్రం

మా వైపు కొత్త బోరులో నీళ్లు పడితే ముందు నాలుకతో చూస్తారు. బోరు లారీ గొట్టం నుంచి బురద కలిసిన నీళ్లు ఎగజిమ్ముతుండగానే ఆ ఇంటి పెద్ద దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుంటాడు. చుట్టూ నిలబడినవాళ్లంతా నీళ్లను వదిలేసి అతని ముఖం చూస్తారు. మింగితే తియ్యనీళ్లు, ఉమ్మేస్తే ఉప్పునీళ్లు. టెంకాయ కొట్టేది ఆ తర్వాతే.

గిద్దలూరు నుంచి కొమరోలు వెళ్లే దారిలో ఉన్న మా చేలో ఆఖరి బోరు పడిన రోజు మా నాయన ఉమ్మేశాడు.

నోరు తుడుచుకుని పక్కకు జరిగాడు. అంతకుముందు వేసిన బోర్లు ఎండిపోతే బత్తాయి చెట్లు కొట్టి కట్టెలకు ఇచ్చేశాం. ఈ బోరు పడింది, బాగా పడింది, కానీ ఉప్పు. అప్పుడు మా చిన్నాయన ముందుకొచ్చి దోసిలి పట్టాడు. ఆయన ఉమ్మలేదు. కళ్లు మూసుకుని పుక్కిలించాడు. ఇంకో గుక్క తీసుకుని నవ్వాడు.

“అన్నా, ఇవి ఉప్పునీళ్లు గాదు. సముద్రం నీళ్లు.”

“ఏందిరా, పొద్దున్నే తాగొచ్చినావా?”

“నీ మీద ఒట్టు. కొత్తపట్నం కాడ రొయ్యల చెరువుల మీద అన్నేండ్లు పనిచేసినా. ఈ రుచి నాకు తెలీదా? అచ్చం ఇట్లనే ఉంటాయి. మన కింద సముద్రం ఉండాది, అంతే.”

మా అత్త, అంటే నాయన అక్క, గట్టు మీద కూర్చుని వక్క కొరుకుతోంది. “సముద్రమే నడిచొచ్చిందంటే ఇంగ తిరుపతి కొండ గూడ వస్తాదిలేరా. బస్సు ఖర్చు తప్పుతాది” అంది. అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక తను నవ్వకుండా అడిగింది. “ఈ నీళ్లల్లో పప్పు ఉడుకుతాదా? ముందు అది చెప్పు.”

అత్త నాలుకను నమ్మదు. ఆమెకు కందిపప్పు మీద నమ్మకం. ఎక్కడి నీళ్లయినా సరే, గుప్పెడు పప్పు వేసి పొయ్యి మీద పెడుతుంది. గింజ విచ్చుకుని గరిటె కింద మెదిగితే మంచినీళ్లు. ఎన్ని కట్టెలు కాల్చినా గింజ గింజగానే ఉంటే ఆ నీళ్లు గొడ్లకు కూడా పెట్టదు. మా చుట్టుపక్కల పప్పు ఉడికే నీళ్లు ఉన్నది ఆమె బావిలోనే. మా చేనికి దిగువన, వంక పక్కన, రాతి మెట్లు ఉన్న దిగుడుబావి. వానలకు వంక పారితే ఊరుతుంది. నీళ్లు శుభ్రంగా ఉండటానికి అందులో ఒక తాబేలును వదిలి పెట్టారు. పాచీ పురుగూ అదే చూసుకునేది. అత్త దాన్ని కూడా ఇంటి మనిషిలాగే తిట్టేది.

ఆ బావి ఏమిటో మా ఇంట్లో ఇద్దరి నోళ్లు చూస్తే తెలుస్తుంది. చిన్నప్పుడు నేను వీధి బోరింగు నీళ్లు తాగి పెరిగాను. పాలపళ్లు ఊడి వచ్చిన పళ్ల మీద గోధుమరంగు చారలు దిగాయి. తోమితే పోయే గార కాదది. నాకు మాటలు తక్కువ అని అందరూ అంటారు. నోరు తెరిస్తే ఎదుటివాళ్ల చూపు నా కళ్ల మీద నుంచి పళ్ల మీదికి జారడం తెలిశాకే నాకు మాటలు తగ్గాయి. అది చూసి అమ్మ బోరింగు మానేసి, రోజూ అత్త బావికి బిందె పట్టుకుని నడిచింది. నా తర్వాత పుట్టిన తమ్ముడు ఆ నీళ్లతోనే పెరిగాడు. వాడి పళ్లు మల్లెమొగ్గల్లా ఉంటాయి. వాడు ఇల్లు అదిరేలా నవ్వుతాడు.

నేనప్పుడు గిద్దలూరు కాలేజీలో డిగ్రీ చివరి ఏడాది, జంతుశాస్త్రం. కాలేజీ లైబ్రరీలో సముద్రం గురించి ఒక లావు పుస్తకం ఉండేది. దాన్ని నాకు ముందు ఎవరూ తీసుకున్నట్టు లేదు, కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నేను సముద్రం చూడలేదు. ఒంగోలు దాకా ఒకసారి వెళ్లాను కానీ ఏదో సర్టిఫికెట్ పని మీద బస్టాండు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి బస్టాండుకు. అందుకే బస్సులో కొమరోలు దాకా ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని చదివేదాన్ని.

సముద్రమంటే ఉప్పు కలిసిన నీళ్లు అనుకున్నదాన్ని, ఆ పుస్తకం నా ఆలోచన మార్చేసింది. నదులు సముద్రంలోకి మోసుకుపోయేదాంట్లో సున్నమే ఎక్కువట. అయినా సముద్రం సున్నపు నీళ్లయిపోలేదు. గవ్వలు, పగడాలు, కంటికి కనపడని నలుసుల్లాంటి ప్రాణులు ఆ సున్నాన్ని తీసుకుని ఇళ్లు కట్టుకుంటాయి, చచ్చాక ఆ ఇళ్లతో సహా అడుగుకు చేరతాయి. ఇసుకలోని గాజులాంటి పదార్థాన్ని ఇంకొన్ని పట్టుకుంటాయి. నీళ్ల మీద తేలే పాచి ఊపిరి వదిలితే మిగతావన్నీ ఆ ఊపిరి పీలుస్తాయి. అందులో బతికేవాళ్లు ప్రతి గుక్కనూ వాడుకుని, మార్చి, మళ్లీ వదులుతూ ఉంటేనే అది సముద్రం. మా బోరు నీళ్ల నుంచి సున్నం తీసుకునే గవ్వలు లేవు. ఆ పని మా గిన్నెల అడుగులు చేశాయి, ముసలివాళ్ల మోకాళ్లు చేశాయి. ఇంకేదో కూడా ఉంది ఆ నీళ్లలో, దాన్ని నా పళ్లు తీసుకున్నాయి.

ఇవన్నీ ఎవరికి చెప్పను? చిన్నాయన నాలుక చెప్పింది, నాయన చెవి విన్నది. వారం తిరక్కుండా మట్టి తోడే మిషను మా చేలో దిగింది. బత్తాయి మొదళ్లతో సహా నేలను పెకిలించి రొయ్యల చెరువుకు గట్లు పోసింది. అత్త వచ్చి ఒకే ఒక్కమాట అడిగింది.

“తమ్ముడా, నీ చెరువు పైన. నా బావి కింద. నా బావికి ఏం గాదు గదా?”

“నల్లరేగడి నేల అక్కా, చుక్క దిగదు” అన్నాడు నాయన.

“ప్లాస్టిక్ షీటు పరుస్తారంట గదరా అడుగున?”

“అది ఇసక నేలల్లో పరుస్తారత్తా...” అనబోయి చిన్నాయన నాలుక్కరుచుకున్నాడు. కంగారులో అక్కను అత్తను చేసేశాడు. అప్పుడు కూడా అందరం నవ్వాం. అత్త మాత్రం గట్టు మట్టిని పిడికిట్లోకి తీసుకుని నలిపి, వాసన చూసి, పారేసి వెళ్లిపోయింది.

రొయ్య పిల్లలు తీరం నుంచి వ్యానులో వచ్చాయి, గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో. ఒక్కొక్కటి కనురెప్ప వెంట్రుక అంత. సంచిని వెలుతురుకు పట్టుకుంటే వాటి కళ్లు మాత్రమే నల్లటి చుక్కల్లా కదిలేవి. సంచులను చెరువు మీద తేలేసి, చెరువు నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ అలవాటు చేశారు. సముద్రం కాని దాన్ని సముద్రమని నమ్మించడానికి ఓపిక కావాలి. ఆ రోజు చిన్నాయన దగ్గర ఆ ఓపిక ఉంది.

కొన్నాళ్లకు చచ్చిపోవడం మొదలైంది. అమావాస్యకు రొయ్యలు గుల్ల విడుస్తాయి. విడిచిన గుల్ల కింద కొత్త గుల్ల గట్టిపడాలి. మా చెరువులో గట్టిపడలేదు. మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం పైకి లాగితే, వేలితో నొక్కితే సొట్టపోయే రొయ్యలు. కొన్ని ముడుచుకుపోయి అలాగే బిగుసుకున్నాయి. చిన్నాయన గట్టు నాలుగు మూలలా నిమ్మకాయలు కట్టాడు. దిష్టి అన్నాడు. ముట్టున్న ఆడవాళ్లు గట్టెక్కొద్దన్నాడు. నేనూ అమ్మా ఎప్పుడు గట్టెక్కాలో ఆయనే చెప్పే రోజులొచ్చాయి. 

నాకు కారణం తెలుసనిపించింది. ఉప్పు ఒకటి కాదు, చాలా ఉప్పులు. రొయ్యకు పొటాషియం కావాలి. సముద్రంలో అది సరిపడా ఉంటుంది. నేల కింది నీళ్లలో ఉండదు, బంకమట్టి దాన్ని పట్టుకుని వదలదు. చిన్నాయన నాలుక రెండు నీళ్లూ ఒకటేనంది. ఆ తేడా ఏ నాలుకకూ అందదు, ఒక్క రొయ్యకు తప్ప.

నేను నాయనతో నేరుగా మాట్లాడేదాన్ని కాదు. అమ్మతో చెప్పేదాన్ని, అమ్మ అన్నం వడ్డిస్తూ చెప్పేది. ఆ రోజు కూడా అలాగే, “పాప ఏందో చెప్తాంది. రొయ్యలకు పొటాష్ తక్కువైందంట” అంది అమ్మ.

నాయన ముద్ద ఆపాడు. “పొటాషా? బత్తాయికి వేసేదా?”

అమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను.

కొట్టంలో బత్తాయి తోటకు తెచ్చి వాడని పొటాష్ బస్తాలు ఇంకా ఉన్నాయి. చెట్లు పోయినా ఎరువు మిగిలింది. చిన్నాయన సీసాలో నీళ్లు పట్టి తీరంలో ల్యాబుకు పంపితే వాళ్లూ అదే మాట చెప్పారు. బత్తాయి చెట్ల పొటాష్‌ను రొయ్యల చెరువులో కలిపారు. తర్వాతి పౌర్ణమికి గుల్ల విడిచిన రొయ్యలు గట్టిపడ్డాయి.

నాయన ఆ పొద్దున ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. అది చిటుక్కుమని ఎగిరి గచ్చు మీద పడింది. “చూడు పాపా, ఎట్ల ఎగురుతాందో. రాయి మాదిరి ఉండాది గుల్ల” అన్నాడు. నాతో. అమ్మతో కాదు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

అప్పటి నుంచి నన్ను గట్టు మీదికి పిలిచేవాడు. నిమ్మకాయల పట్టింపు నా వరకు ఎత్తేశారు. తెల్లవారుజామున రొయ్యలు నీళ్ల పైకొచ్చి మూతులు తేలేస్తే, “ఏంది సంగతి?” అని అడిగేవాడు. నీళ్లలోని పాచి పగలు ఊపిరి ఇస్తుంది, రాత్రి అదే ఊపిరి తాగేస్తుంది, తెల్లారేసరికి రొయ్యకు మిగలదు అని చెప్తే నీళ్లను చిలికే చక్రాలు ముందే వేయించేవాడు. నీళ్లు పచ్చగా మారి, తర్వాత టీ రంగుకు వచ్చాయి. ఆ రంగంతా ప్రాణమే. మా ఊళ్లో ఎన్నడూ చూడని నీటికాకులు వచ్చాయి. కొంగలు గట్టు మీద వరసగా నిలబడేవి. వాటి వెనక పాములు, దోమలు. గాలి మారితే ఇంట్లోకి చేపల వాసన వచ్చేది. రొయ్యలు తమకు కావలసిన లోకాన్ని తమ చుట్టూ తెచ్చుకుంటున్నాయి. ఆ లోకం గట్టు దగ్గర ఆగుతుందని మేమంతా అనుకున్నాం.

ఆగలేదు. అత్త చేలో గట్టు వారన ఉన్న వేరుశనగ ఆకుల అంచులు కాలినట్టు ఎండాయి. గట్టు అవతలి వైపు తెల్లటి పొర కట్టింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. అది చూపించడానికి నాయనను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. అంత చొరవ నాకు అంతకుముందెప్పుడూ లేదు. వింటాడన్న ధైర్యం.

“నాయనా, నీళ్లు దిగుతాండాయి. ఇంతవరకు దిగినవి సరే. రొయ్యల పట్టుబడి అయినాక చెరువు నీళ్లు వంకలోకి మాత్రం వదలొద్దు. అత్త బావి పోతాది.”

“యాడ వదలాల మరి? నా నెత్తిన పోసుకోవాల్నా?”

“వదలకుండా ఎండబెడదాం. షీటు వేసి...”

“ఇంకో పంట వేయొద్దా? చెరువు ఎండేదాకా కూర్చుంటే?” ఆయన గొంతు పెరగలేదు. నెమ్మదిగా, నేనింకా చిన్నపిల్లనన్నట్టు చెప్పాడు. “చూడు పాపా. రొయ్య సంగతి నీకు తెలుసు, ఒప్పుకుంటా. నేల సంగతి నాకు తెలుసు. రెండు వానలు పడితే వంక అంతా కడుక్కుని పోతాది.”

అమ్మ అదే మాట అంది రాత్రి, అన్నం దగ్గర. నాయన ముద్ద ఆపలేదు.

దీపావళి దాటాక పట్టుబడి. తీరం నుంచి లారీ వచ్చింది, ఐసు పెట్టెలు వచ్చాయి, వలలు వచ్చాయి, వల లాగేవాళ్లు వచ్చారు. ఊరంతా వచ్చింది చూడటానికి. రొయ్యలు బాగా పెరిగాయి. “నీ బిడ్డ చదువు గట్టిదబ్బా” అని లారీ అతను నాయనతో అన్నాడు, చిన్నాయన ఎవరి దగ్గరా ఆ సంగతి దాచలేదు మరి. అందరి చూపులూ నా మీద ఉండగానే గట్టుకు గండి కొట్టారు. టీ రంగు నీళ్లు, అడుగున పేరుకున్న నల్లటి బురద, మిగిలిపోయిన మేత, గుల్లలు, అన్నీ కలిసి కాలవ కట్టి వంకలోకి దూకాయి. ఎండిన వంక ఆ నీళ్లను ఆబగా తాగింది.

అత్త వంక ఒడ్డున నిలబడి ఉంది. “తమ్ముడా, నా బావి” అంది, అంతే.

“వాన పడితే పోతాదిలే అక్కా” అన్నాడు నాయన, వలల వైపు నడుస్తూ.

ఆ ఏడు వాన పడలేదు.

ముందుగా తెలుసుకున్నది తాబేలు. ఎప్పుడూ అడుగున ఉండేది, మెట్ల మీదికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. అత్త కసిరి లోపలికి తోసేది. అది మళ్లీ ఎక్కేది. ఒక పొద్దున పై మెట్టు మీద కూడా లేదు. దుమ్ములో దాని పొట్ట ఈడ్చిన చార వంక ఎగువకు వెళ్లింది, రాళ్ల దగ్గర ఆగిపోయింది. అత్త ఆ రాళ్లన్నీ తిరగేసి వెతికింది.

మా రెండో పంట కూడా లేదు. వేసవికి బోరే ఎండిపోయింది. చిన్నాయన కనుక్కున్న సముద్రం ఒక పంటకే అయిపోయింది. చెరువు అడుగు బీటలు వారి, తెల్లగా బూజు పట్టినట్టు ఉప్పు తేలింది. నడిస్తే గుల్లలు పటపటమనేవి. చిన్నాయన మళ్లీ కొత్తపట్నం వైపు వెళ్లిపోయాడు. కొంగలు ఎప్పుడు పోయాయో ఎవరూ చూడలేదు.

అప్పుడొకరోజు అత్త నన్ను పిలిచింది. పొయ్యి మీద పప్పు గిన్నె. పక్కన కాల్చేసిన కట్టెల బూడిద, అంత బూడిద రావాలంటే చాలాసేపటి నుంచీ కాలుతున్నట్టే. గరిటెతో తీసి నా అరచేతిలో వేసింది. గింజ గింజగా ఉంది. నొక్కితే జారిపోయింది.

“మా అత్త కాలం నుంచి ఈ బావి నీళ్లల్లో ఉడకని పప్పు లేదు” అంది. నాయన మీద ఒక్కమాట కూడా అనలేదు. నన్నే చూసింది. “నువ్వు చదివినావు గదమ్మీ. రొయ్యకు పొటాష్ వెయ్యమని చెప్పినావు, బతికిచ్చినావు. నా బావికి ఏం వెయ్యాలో గూడ చెప్పు.”

ఆమె ఎగతాళి చేస్తోందనుకున్నాను మొదట. కాదు, నిజంగా అడుగుతోంది. కొట్టంలో ఏదో ఒక బస్తా ఉంటుందని, నేను పేరు చెప్తే తెచ్చి బావిలో పోద్దామని ఆమె ఆశ. నాకు తెలిసిందంతా నీళ్లలో ఏం వేయాలన్నదే. వేసింది తీసే విద్య ఆ లావు పుస్తకంలో సముద్రానికి మాత్రమే ఉంది. అక్కడ తీసుకునేవాళ్లు కోట్ల కోట్లమంది ఉన్నారు. ఈ బావికి ఉన్నది ఒక్క తాబేలు, అదీ పోయింది.

“ఏమీ లేదత్తా. వాన పడాల” అన్నాను.

“మీ నాయన మాటే చెప్పినావు” అంది అత్త.

ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది. నేను బావి కోసం పోట్లాడినది ఆమెకు తెలియదు. చెప్పుకోవాలనిపించలేదు కూడా. చెప్పినా ఆ పప్పు ఉడకదు.

ఆమె గిన్నె దించి, చెంబు తీసుకుని బావికి వెళ్లింది. నీళ్లు ముంచుకుని నేరుగా మా ఇంటికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. నాయన అరుగు మీద ఉన్నాడు, పక్కన ఇద్దరు ముగ్గురు ఊరివాళ్లు. అత్త చెంబు ఆయన ముందు పెట్టింది.

“నోట్లో పోసుకో తమ్ముడా. ఎట్లుండాయో చెప్పు.”

అందరూ నాయన ముఖం చూశారు, బోరు పడిన రోజు చూసినట్టే. ఆయన చెంబు ఎత్తి అరచేతిలో వంచుకుని ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. బుగ్గలు కదల్లేదు. అరుగు కింద మట్టి ఉంది, ఉమ్మేయడానికి కావలసినంత చోటు ఉంది. ఆ ఒక్క ఉమ్ము ఉమ్మేస్తే చాలు, అక్క బావి పోయిందని ఊరి ముందు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత ఏం చేయాలో ఆలోచించడానికైనా ఒక మొదలు దొరికేది.

ఆయన మింగేశాడు.

“బాగానే ఉండాయి గదక్కా” అన్నాడు.

అత్త చెంబు తీసుకుంది. “అట్లనా. అయితే రోజూ పంపిస్తాలే. నువ్వే తాగు” అంది.

అన్న మాట తప్పలేదు. ప్రతి పొద్దునా మా గుమ్మంలో అత్త బావి నీళ్ల బిందె ఉంటుంది. తాగే నీళ్లు ఇప్పుడు రెండిళ్లకూ ఆటోలో వచ్చే క్యానులే. నాయన బిందెను తప్పించుకుని లోపలికి వచ్చి, క్యాను వంచి గ్లాసు నింపుకుంటాడు. అమ్మ ఆ బిందె నీళ్లతో అంట్లు తోముతుంది. బోర్లించిన గిన్నెలు ఎండాక చూస్తే, ప్రతిదాని మీదా తెల్లటి చారలు దిగి ఉంటాయి.